బరంపురము హత్యావ్యాజ్యెము: పోలీసుల యెదుట పలికిన మాట, కోర్టున నిలిచిన సాక్ష్యము

ప్రవాసాంధ్రుల చరిత్రకు శాసనములు, దేవాలయముల దానపత్రములు, జమీందారీ కవిలెలు, వంశావళులు ఆధారములని పండితులు గ్రహించియే యున్నారు. న్యాయస్థానముల తీర్పులను ఆ దృష్టితో పరిశీలించినవారు కొలదిమందియే. ఒక కుటుంబము ఏ యూరినుండి ఏ యూరికి తరలినది, ఎచ్చట వియ్యమందినది, ఎవరికడ అప్పు చేసినది, ఏ రైలులో ప్రయాణము సాగించినది అను సామాన్యవిషయములు శాసనములలో కానరావు, తీర్పులలో కానవచ్చును. అంతియేగాక, సరిహద్దు పట్టణమందలి యొక తెలుగు కుటుంబపు వ్యవహారము దేశమంతటికిని వర్తించు ధర్మసూత్రమునకు కారణమగుటయు అప్పుడప్పుడు కలదు.

1937వ సంవత్సరమున గంజాము మండలమందలి బరంపురమున పుట్టిన హత్యావ్యాజ్యెము అట్టిది. అది బరంపురమున మొదలై, పాట్నా హైకోర్టు మీదుగా లండను నగరమందలి ప్రీవీ కౌన్సిలును చేరి, 1939 జనవరి 19వ తేదీన ముగిసినది. న్యాయగ్రంథములలో దానికి పాకాల నారాయణస్వామి వర్సస్ కింగ్ ఎంపరర్ అని పేరు. నేటికిని న్యాయవిద్యార్థులు సాక్ష్యశాస్త్రము నభ్యసించునపుడు ఈ పేరు తప్పక విందురు. కాని ఆ కథ పిఠాపురమునకును బరంపురమునకును చెందిన తెలుగువారి కథయని యెఱిగినవారు తక్కువ.

హత్య జరిగినదని యందఱును ఒప్పుకొన్నను, దానిని ఫలానివాడే చేసెనని రుజువు చేయుట వేఱు పని. ముద్దాయి తనతో ఇట్లు చెప్పెనని పోలీసు ఉద్యోగి కోర్టుకు వచ్చి పలికినచో, ఆ పలుకు రుజువగునా? కానిచో దానిని తీసివేసిన పిదప మిగిలిన సాక్ష్యము ఒక ప్రాణమును తీయుటకు చాలునా? బరంపురము వ్యాజ్యెములోని మూలప్రశ్న యిదియే. అప్పీలు విచారించు న్యాయమూర్తుల పని యొక విధముగా తీసివేత లెక్క వంటిది. చెల్లని దానిని తొలగించి, నిలిచిన దానిని తూచవలెను.

పోలీసుల మాటపై శాసనమునకు గల యనుమానము

ఈ ప్రశ్నకు పూర్వరంగము మద్రాసు రాజధాని చరిత్రలోనే కలదు. ఆ రాజధానిలో జరుగుచున్న చిత్రహింసలను గూర్చి విచారించుటకు నియమింపబడిన సంఘము 1855లో తన నివేదికను సమర్పించెను. శిస్తు వసూలు చేయుటకును, నేరము నొప్పించుటకును క్రింది యుద్యోగులు ప్రజలను హింసించుచున్నారని ఆ సంఘము తేల్చెను. ఆనాడు రెవిన్యూ పనియు పోలీసు పనియు ఒక్క చేతిలోనే యుండెడివి. శిస్తు వసూలు చేయు తాలూకా యధికారియే దొంగలను పట్టువాడు. దెబ్బలతో రాబట్టిన ఒప్పుకోలు కాగితముపై కెక్కిన పిమ్మట, దాని వెనుకనున్న దెబ్బలు దూరమున కూర్చున్న న్యాయాధిపతికి కనబడవు గదా.

1859లో మద్రాసు రాజధానికి ప్రత్యేకమగు పోలీసు చట్టము వచ్చెను. 1861 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడులో, పోలీసు అధికారియెదుట చేసిన నేరాంగీకారమును ముద్దాయిపై రుజువుగా చూపరాదను నిషేధము చేరెను. 1872 నాటి సాక్ష్యచట్టము ఆ నిషేధమును 25, 26, 27 సెక్షనులలో స్థిరపఱచెను. పోలీసు అధికారితో చెప్పిన నేరాంగీకారము చెల్లదని 25వది. పోలీసుల నిర్బంధములో నుండగా మఱియొకరితో చెప్పినదియు, మేజిస్ట్రేటు సమక్షమున చెప్పిననే తప్ప, చెల్లదని 26వది. నిర్బంధములోనున్న ముద్దాయి తెలిపిన సమాచారము వలన ఏదేని యొక విషయము బయటపడినచో, ఆ విషయమునకు స్పష్టముగా సంబంధించిన మాటల మట్టుకు చెల్లునని 27వది.

వీనికి తోడు 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడులో 162వ సెక్షను కలదు. 1923లో దానిని సవరించిరి. దర్యాప్తు జరుగుచుండగా ఎవరైనను పోలీసు అధికారితో చెప్పిన మాటను విచారణలో రుజువుగా వాడరాదనియు, ప్రాసిక్యూషను పక్షపు సాక్షి కోర్టులో మాట మార్చినచో ఆ భేదమును చూపుటకు మాత్రము ముద్దాయి వాడుకొనవచ్చుననియు దాని సారాంశము. ఇందలి "ఎవరైనను" అను మాట చుట్టును చిక్కు పుట్టినది. ఆ మాటలో సాక్షులు మాత్రమే చేరుదురా, తరువాత ముద్దాయి యైనవాడును చేరునా? ఈ విషయమున హైకోర్టులలో భిన్నాభిప్రాయము లుండెను. ఆ చిక్కు తీరుటకు బరంపురము వ్యాజ్యెము రావలసివచ్చెను.

1936 తరువాతి బరంపురము

ఉత్తర సర్కారులు తూర్పు ఇండియా కంపెనీ వశమైననాటి నుండి 1936 వరకు గంజాము మండలము మద్రాసు ప్రభుత్వమునకు లోబడి యుండెను. మండల కచేరీలు ఛత్రపురమున నున్నను, వ్యాపారమునకును, విద్యకును, వకీళ్ల పనికిని బరంపురమే పెద్ద పట్టణము. తెలుగువారును ఒడియావారును అక్కడ ఇరుగుపొరుగుగా తరతరములనుండి నివసించుచున్నారు. భారత రాష్ట్రపతి యైన వరాహగిరి వేంకటగిరి 1894లో జన్మించిన దీ పట్టణముననే. ఆయన తండ్రి జోగయ్య పంతులు అక్కడి న్యాయవాది.

1936 ఏప్రిలు 1వ తేదీన ఒడిస్సా ప్రత్యేకరాష్ట్రముగా ఏర్పడగా బరంపురము అందు చేరినది. క్రొత్త రాష్ట్రమునకు అప్పటికి హైకోర్టు లేదు. 1948 జూలై 26వ తేదీన కటకమున ఒడిస్సా హైకోర్టు వెలయువఱకు అక్కడి అప్పీళ్లు పాట్నా హైకోర్టునకు పోవుచుండెను. గోదావరి తీరమునుండి బరంపురమునకు పిల్లల నిచ్చుటయు పుచ్చుకొనుటయు సరిహద్దుతో ఆగలేదు. మద్రాసు కలకత్తా మార్గమున రైళ్లును యథాప్రకారము నడచినవి. మారినది పైకోర్టు. ఒక్క సంవత్సరము ముందు జరిగియున్నచో మద్రాసు న్యాయమూర్తులు విచారింపవలసిన అప్పీలు, ఈ మార్పువలన పాట్నాకు పోయినది.

వ్యాజ్యెములోని సంగతులు

హతుడు సుమారు 40 ఏండ్ల వయస్సువాడు. పిఠాపురము దివానువారి కొలువులో బంట్రోతుగా పనిచేసినవాడు. ఆ దివానుగారి కుమార్తెను వివాహమాడి బరంపురమున కాపురమున్న గృహస్థు ఈ వ్యాజ్యెమున ముద్దాయి. రెండు ఊళ్లకు నడుమ దూరము దాదాపు 250 మైళ్లు. దంపతులు నడుమ రెండేండ్లు పిఠాపురమున నుండి, 1935లో తిరిగి బరంపురము చేరిరి. ధనమునకు ఇబ్బంది కలుగగా 1936లో ముద్దాయి భార్య ఆ బంట్రోతు కడ చిన్న చిన్న మొత్తములుగా మూడువేల రూపాయల వఱకు అప్పు తీసికొనెను. వడ్డీ నూటికి సాలుకు 18 రూపాయలు. ఈ లావాదేవీలకు సంబంధించిన ఉత్తరములు, చీటీలు ఏబది వఱకు అతని మరణానంతరము అతని యింట దొరకినవి. యజమాని యింటి ఆడపడుచునకు ఆ యింటి నౌకరు అప్పిచ్చుట నాటి జమీందారీ కొలువుల స్థితిగతులను కొంత తెలుపుచున్నది.

1937 మార్చి 20వ తేదీ శనివారమున అతనికి సంతకము లేని యుత్తర మొకటి వచ్చెను. అతడు దానిని భార్యకు చూపి, బాకీ పుచ్చుకొనుటకు బరంపురము రమ్మని ముద్దాయి భార్య వ్రాసినదనియు, తాను పోవుచున్నాననియు చెప్పెను. మఱునాడు రైలునకు బయలుదేఱెను. తిరిగి యిల్లు చేరలేదు. 23వ తేదీ మంగళవారము మధ్యాహ్నప్రాంతమున, బెంగాలు నాగపూరు రైల్వేవారి శాఖామార్గము ముగియు పూరీ స్టేషనులో మూడవ తరగతి పెట్టెలో, ఎవరును తీసికొనిపోని ఇనుప ట్రంకు ఒకటి కనబడెను. అందులో ఏడు ముక్కలుగా ఖండింపబడిన మనుష్యదేహము ఉండెను. కొన్ని దినముల పిదప భార్య వచ్చి, ఆ దేహము తన భర్తదేయని గుర్తించెను.

ఇది హత్యయనుటకు వైద్యసాక్ష్యమువలన ఏమాత్రమును సందేహము లేదు. హంతకు డెవడను ప్రశ్నయే మిగిలినది. ఏప్రిలు 4వ తేదీన పోలీసులు ముద్దాయి యింటికి పోయి ప్రశ్నించిరి. అరెస్టునకు ముందే అతడు వారితో, హతుడు 21వ తేదీ సాయంత్రము తన యింటికి వచ్చెననియు, వసారా గదులలో నొకదాన ఆ రాత్రి పరుండి మఱునాటి సాయంత్రము రైలునకు వెడలిపోయెననియు చెప్పినట్లు పోలీసుల సాక్ష్యము. తాను చంపితినని అతడు చెప్పలేదు. పైగా వచ్చినవాడు క్షేమముగా పోయెననియే చెప్పెను. అయినను ఆ మాట ముద్దాయి మెడకు చుట్టుకొనదగినదే. హతుడు బరంపురమున ఆ గడపయే త్రొక్కెననుటకు అంతకంటె సూటియైన యాధారము మఱియేది కలదు?

మొదట విచారించిన మేజిస్ట్రేటు సాక్ష్యము చాలదని ముద్దాయిలనందఱను విడిచిపెట్టెను. సెషన్సు జడ్జి తన యధికారమును వినియోగించి, ముద్దాయిని అతని భార్యను సెషన్సు విచారణకు పంపెను. విచారణాంతమున భార్య నిర్దోషియని విడుదలయ్యెను. ముద్దాయికి మరణశిక్ష విధింపబడెను. పాట్నా హైకోర్టు ఆ శిక్షను ఖాయపఱచెను.

లండనులో విచారణ

ప్రీవీ కౌన్సిలు సామాన్యమగు క్రిమినలు అప్పీలు కోర్టు కాదు. న్యాయక్రమమును త్రోసిపుచ్చుటచేతనో, సహజధర్మమును అతిక్రమించుటచేతనో ఘోరమైన అన్యాయము జరిగినప్పుడే తాము జోక్యము చేసికొందుమని ఆ న్యాయమూర్తులు 1887 నాటి డిల్లెట్ వ్యాజ్యెమున చెప్పియుండిరి. కావున ప్రత్యేకానుమతిపై విచారణకు వచ్చిన ఈ అప్పీలులో వారు పరిశీలించినది ముఖ్యముగా శాసనప్రశ్నలను. తీర్పు లార్డు ఆట్కినుగారిది.

మొదటి ప్రశ్న, ముద్దాయి పోలీసులతో చెప్పినది నేరాంగీకారమా? కాదని తీర్పు. నేరమును స్పష్టముగానైనను, దానికి అంగములైన సంగతులన్నిటిని దాదాపుగానైనను ఒప్పుకొన్నదే నేరాంగీకారము. ముద్దాయికి మిక్కిలి హానికరమైన సంగతిని ఒప్పుకొన్నంత మాత్రమున అది నేరాంగీకారము కానేరదు. చంపిన కత్తి నాదే, అది మొన్నటివఱకు నాయొద్దనే యుండెనని యొకడు చెప్పినచో, అది ప్రబలమైన సాక్ష్యమే కావచ్చును గాని నేరాంగీకారము కాదు. కావున 25వ సెక్షను ఈ మాటకు అడ్డురాదు.

అడ్డువచ్చినది 162వ సెక్షను. అందలి "ఎవరైనను" అను మాట సామాన్యార్థమున ముద్దాయి యగువానిని గూడ చేర్చుకొనునని ఆట్కినుగారు నిర్ణయించిరి. దర్యాప్తులో ప్రజలు నిర్భయముగా తెలిసినది చెప్పవలెననియో, చెప్పిన మాటను గూర్చి పోలీసులిచ్చు సాక్ష్యము నమ్మదగినది కాదను శంకచేత చెప్పినవానికి రక్షణ కల్పింపవలెననియో, ఈ రెండు కారణములచేతనో శాసనకర్తలు ఆ సెక్షనును చేసియుందురు. ఏ కారణమైనను, సాక్షికి దక్కిన రక్షణ ప్రాణాపాయములోనున్న ముద్దాయికి దక్కకుండుట యుక్తము కాదు. కావున హతుడు తన యింటికి వచ్చెనని ముద్దాయి చెప్పిన మాట సాక్ష్యమునుండి తొలగింపబడెను. క్రింది రెండు కోర్టులును దానిని చేర్చుకొనుట పొరపాటని తేలెను.

రెండవ ప్రశ్న హతుని మాటను గూర్చినది. సాక్ష్యచట్టపు 32వ సెక్షనులోని మొదటి భాగము ప్రకారము, చనిపోయినవాడు తన మరణకారణమును గూర్చిగాని, మరణమునకు దారితీసిన వ్యవహారపు పరిస్థితులను గూర్చిగాని చెప్పిన మాట చెల్లును. ఇంగ్లండు ధర్మమున మరణాసన్నుడు, బ్రతుకుపై ఆశ వదలిన పిదప చెప్పినదే మరణవాఙ్మూలము. పిఠాపురమున రైలు పట్టుటకు బయలుదేఱుచున్నవానికి మరణచింతయే లేదు. అట్టివాని మాట చెల్లుట యెట్లని ముద్దాయి పక్షపు వాదము.

భారతశాసనము అంత సంకుచితమైనది కాదని ఆట్కినుగారు తేల్చిరి. ఏదో భయముగా నున్నదనియో, ఫలానివానిపై అనుమానము కలదనియో పలికిన సామాన్యపు మాటలు చాలవు. కాని చంపబడిన చోటికి తాను పోవుచున్నానని చెప్పుట, పోవుటకు కారణము చెప్పుట, ఫలానివారిని కలసికొనుటకు పోవుచున్నాననియో, వారు రమ్మని పిలిచిరనియో చెప్పుట, ఇవి మరణమునకు దారితీసిన వ్యవహారపు పరిస్థితులే. కావున భార్య చెప్పిన సాక్ష్యము నిలిచెను.

తీసివేసిన పిదప మిగిలినది

ఇచ్చట తీర్పులోని న్యాయమార్గము జాగ్రత్తగా చూడదగినది. హతుడు ముద్దాయి యింటికి పోవుటను గూర్చి రెండు మాటలు కోర్టు ముందుండెను. ఒకటి పోలీసుల ద్వారా వచ్చినది. రెండవది హతుని భార్య ద్వారా వచ్చినది. రెండును చూపు దిక్కు ఒక్కటే. మొదటిదే సూటియైనది, బలమైనది. అయినను న్యాయమూర్తులు దానిని తొలగించి, రెండవదానిని నిలిపిరి. మాట బలము కంటె ఆ మాట వచ్చిన దారి శుభ్రమైనదా యను ప్రశ్నయే శాసనమునకు ముఖ్యమైనది.

మిగిలిన సాక్ష్యములో అప్పుపత్రములు కలవు, బరంపురము పోవుచున్నానన్న హతుని మాట కలదు, అన్నిటికంటె మిన్నగా ఆ ఇనుప ట్రంకు కలదు. అది బరంపురమున ముద్దాయికొఱకు కొనబడినదనియు, జట్కాలో స్టేషనునకు చేరినదనియు సాక్షులు చెప్పియుండిరి. ఈ సాక్షులెవరును ముద్దాయి నోటిమాటపై ఆధారపడినవారు కారు. కొన్న వస్తువును, తోలిన బండిని గూర్చి తాము ఎఱిగినది చెప్పినవారు. ఈ సాక్ష్యము శిక్షను నిలుపుటకు చాలునని తలచి ప్రీవీ కౌన్సిలు అప్పీలును కొట్టివేసెను.

అప్పీలు కొట్టివేయబడినప్పుడు "ఎవరైనను" అను మాటకు అర్థము తేల్చినందువలన ముద్దాయికి కలిగిన లాభమేమి అని యడుగవచ్చును. అతనికి లాభము కలుగలేదు. కాని హత్యను నిరూపించుటకు పోలీసుల చెవిని పడిన మాట అవసరము లేదనియు, శ్రద్ధతో వెదకినచో దుకాణమున, బండివాని కడ, హతుని యింటి పెట్టెలో కావలసిన ఆధారము దొరకుననియు ఈ వ్యాజ్యెమే చూపెను. అదే బరంపురపు పోలీసులు ట్రంకు జాడను పట్టుటలో చూపిన శ్రమయే చివరకు అప్పీలులో నిలిచినది. ముద్దాయి నుండి రాబట్టిన మాట నిలువలేదు.

పులిపాడు వ్యాజ్యెము

తీర్పు వెలువడిన వెంటనే క్రొత్త సందేహము పుట్టెను. 162వ సెక్షను ముద్దాయి మాటనుగూడ నిషేధించినచో, సమాచారమువలన వస్తువు బయటపడిన సందర్భమునకు చెందిన 27వ సెక్షను గతియేమి? 1941లో కేంద్రశాసనసభ 15వ చట్టముచేత 162వ సెక్షనును సవరించి, 27వ సెక్షనునకు భంగము లేదని చేర్చెను. నిషేధపు గోడలో ఆ చిన్న ద్వారము నిలిచినది. ఆ ద్వారము వెడల్పెంత యను ప్రశ్న మరల తెలుగుదేశమునుండియే లండను చేరెను.

గుంటూరు మండలమందలి పులిపాడు గ్రామమున 1944 డిసెంబరు చివర కక్షలవలన హత్యలు జరిగినవి. పోలీసులు నిర్బంధించినవారి ఒప్పుకోళ్లను మధ్యవర్తుల సమక్షమున నామాలుగా వ్రాయించిరి. మేము పొంచియుండి కొట్టితిమి, ఈటెను గడ్డివామిలో దాచితిని, వచ్చినచో చూపెదనని ఒక నామాలోని సంగతి. ఈటె దొరకినది గనుక నామా యంతయు చెల్లునని ప్రాసిక్యూషను వాదము. సర్ జాన్ బోమాంటుగారు 1946 డిసెంబరున ఇచ్చిన తీర్పులో, వస్తువును దాచిన తావును చూపు మాటలు మాత్రమే చెల్లుననియు, కొట్టితిమి, పొడిచితిని అను మాటలు చెల్లవనియు విభజించిరి. కత్తి యను వస్తువును లోకము ఎన్నడో కనిపెట్టినది. ముద్దాయి మాటవలన క్రొత్తగా బయటపడినది ఆ కత్తి ఫలానిచోట నున్నదనియు, ఆ సంగతి అతనికి తెలియుననియు మాత్రమే. ఒక వస్తువు పేరు చేర్చినంతనే ఒప్పుకోలు యావత్తు చెల్లునన్నచో, అట్టి పేరును చేర్పించుటకు పోలీసుల ఒప్పించు శక్తి చాలును. నిషేధమునకు విలువ యుండదు. పుల్కూరి కోటయ్య వ్యాజ్యెమని ప్రసిద్ధమైన ఈ తీర్పు బరంపురము తీర్పునకు జంటగా నేటికిని ప్రమాణము.

స్వతంత్రభారతమున

1949 అక్టోబరు 10వ తేదీతో ప్రీవీ కౌన్సిలు అధికారము భారతదేశమున ముగిసినది. దాని తీర్పులు మాత్రము సుప్రీముకోర్టు చేతిలో జీవించుచునే యున్నవి. పూర్వపు ఒడిస్సా ముఖ్యమంత్రి నందినీ సత్పథి వ్యాజ్యెమున 1978లో జస్టిస్ కృష్ణయ్యరుగారు, పోలీసులు ప్రశ్నింపదగిన "ఎవరైనను" అను మాటలో ముద్దాయియు చేరునని నిర్ణయించునపుడు బరంపురము తీర్పును ఆధారము చేసికొనిరి. తనపై నేరము మోపు జవాబు చెప్పకుండ మౌనము వహించు హక్కు, రాజ్యాంగమందలి 20వ అధికరణము చేత, పోలీసు స్టేషనులోని ప్రశ్నలకును వర్తించునని ఆ తీర్పు. 1984లో మహారాష్ట్రమునుండి వచ్చిన శరద్ బిర్దిచంద్ సార్దా వ్యాజ్యెమున, మరణించిన వ్యక్తి ముందుగా పలికిన మాటలు ఎంతవఱకు చెల్లునను విషయమున సుప్రీముకోర్టు మరల పిఠాపురపు బంట్రోతు ప్రయాణమునకే వచ్చెను.

ఇంతవఱకు చెప్పిన వ్యాజ్యెములలో పోలీసు ఉద్యోగి సాక్షి. అతడే ముద్దాయి యైనప్పుడు నిరూపణము మఱింత కఠినమగును. హత్య జరిగిన చోటు స్టేషను; చూచినవారు తోడి ఉద్యోగులు; డైరీ వ్రాయువారును, శవమును పంపువారును వారే. ఉత్తరప్రదేశమందలి ఫతేపూరు జిల్లాలో 1969లో లంచము గూర్చి ఫిర్యాదు చేసిన రైతు యొకడు పోలీసుల దెబ్బలచే మరణించెను. రిమాండునకు తెచ్చినప్పుడు అతని స్థితిని చూచి మేజిస్ట్రేటు వ్రాసికొన్న వాఙ్మూలమే ముఖ్యాధారము. హైకోర్టు పోలీసులను విడిచిపెట్టగా, సుప్రీముకోర్టు 1985లో రామసాగర్ యాదవ్ వ్యాజ్యెమున ఆ విడుదలను త్రోసిపుచ్చి శిక్షను పునరుద్ధరించెను. నిర్బంధములో మరణము సంభవించినప్పుడు రుజువు భారమును గూర్చిన శాసనమును సవరింపవలెనని గూడ సూచించెను. లా కమిషను ఆ సంవత్సరముననే తన 113వ నివేదికలో, నిర్బంధములో కలిగిన గాయములు పోలీసులు చేసినవేయని కోర్టు ఊహింపవచ్చునను సెక్షనును చేర్చుమని సిఫారసు చేసెను. 1995లో శ్యామసుందర్ త్రివేదీ వ్యాజ్యెమున సుప్రీముకోర్టు, తోడి యుద్యోగుల సోదరబంధము చేత ఇట్టి నేరములకు ప్రత్యక్షసాక్షులు దొరకుట అరుదనియు, క్రింది కోర్టులు ఆ వాస్తవమును గుర్తింపక అతిగా సందేహించుట తగదనియు హెచ్చరించెను.

ఇచ్చట గుర్తింపవలసిన సంగతి యొకటి కలదు. ఫతేపూరు రైతు మాటను కోర్టులో నిలిపినది సాక్ష్యచట్టపు 32వ సెక్షనే. పిఠాపురపు బంట్రోతు మాటను నిలిపినదియు అదే. పోలీసులతో చెప్పిన మాటను తొలగించి, చనిపోయినవాని మాటను వినుమని బరంపురము తీర్పు చూపిన మార్గము, పోలీసులే ముద్దాయిలైనప్పుడు మఱింత అక్కఱకు వచ్చును. స్టేషను గోడల నడుమ నుండి బయటికి వచ్చు సాక్ష్యము అదియొక్కటియే కావచ్చును.

2024 జూలై 1వ తేదీ నుండి పాతచట్టముల స్థానమున 2023 నాటి భారతీయ నాగరిక సురక్షా సంహితయు, భారతీయ సాక్ష్య అధినియమమును అమలులోనికి వచ్చినవి. పూర్వపు 162వ సెక్షను ఇప్పుడు సంహితలో 181వది. 25, 26, 27 సెక్షనులు అధినియమమున 23వ దానిలో నొకటిగా కూర్పబడినవి. 32వ సెక్షను 26వది యైనది. సంఖ్యలు మారినవి గాని, పోలీసులతో ఎవరు చెప్పిన మాటయైనను రుజువు కాదన్న మూలసూత్రము మారలేదు. లా కమిషను 1985లో కోరిన ఊహాసెక్షను మాత్రము క్రొత్త చట్టమునను చోటు చేసికొనలేదు. ఆ లోటు తీరువఱకు నిర్బంధమరణముల అప్పీళ్లలో న్యాయమూర్తులు పాతదారినే నడువవలసియున్నది.

బరంపురమున తెలుగువారి చరిత్ర వ్రాయువారు ఈ వ్యాజ్యెమును కేవలము ఘోరకృత్యముగా తలచి విడిచిపెట్టుట సహజమే. నేరము ఒక వ్యక్తిది. దానిని ఒక సంఘమునకు అంటగట్టుట తగదు. నిర్దోషియని కోర్టు తేల్చినవారిని మరల నిందించుటయు తగదు. కాని ఆ తీర్పులో రాష్ట్రవిభజన నాటి బరంపురము కలదు. దివానుల లోగిళ్ల అప్పులు కలవు. భర్త చెప్పిన మాటను మఱవక కోర్టులో చెప్పిన యొక పిఠాపురపు స్త్రీ కలదు. ఆమె సాక్ష్యము లండను వఱకు పోయి, ఈనాటికిని దేశమందలి కోర్టులలో ప్రమాణముగా నుదాహరింపబడుచున్నది. గంజాము తెలుగువారి చరిత్రలో ఆమెకొక పుట ఉండదగినది.